చిన్న ఇంటికి మారుతున్నారా? ఫర్నిచర్, పాత వస్తువుల అమ్మకంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇంటికి మారుతున్నామంటే సామాను సగానికి సగం తగ్గించుకోక తప్పదు. ఆ సగంలో ఏళ్ల తరబడి వాడిన సోఫా ఉంటుంది, పెద్దవాళ్ల నుంచి వచ్చిన బీరువా ఉంటుంది, ఎవరు ఎప్పుడు కొన్నారో కూడా గుర్తులేని గోడ గడియారం ఉంటుంది. ఎక్కువమంది నష్టపోయేది ఆఖరి వారం హడావిడిలో. తమ దగ్గర ఉన్నదేంటో తెలుసుకోకుండానే చేతికొచ్చిన ధరకి ఇచ్చేస్తారు, ఆ తర్వాత చాలాకాలం బాధపడతారు. ఆ బాధ ఎవరికీ రాకూడదనే ఈ జవాబులు రాశాను.

ఎంత ముందుగా మొదలుపెట్టాలి?

ఇల్లు మారే తేదీకి కనీసం మూడు నాలుగు నెలల ముందు. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది కానీ ఒకసారి లెక్క వేయండి. వేలం సంస్థకి ఒక వస్తువు ఇస్తే వాళ్లు దాన్ని పరిశీలించి, ఫోటోలు తీసి, కేటలాగ్‌లో వేసి, వేలం నిర్వహించి, కొన్నవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేసి మీకు పంపాలి. దీనికే నెలలు పడుతుంది. ఆన్‌లైన్‌లో అమ్మినా, ఎనిమిది మంది కూర్చునే డైనింగ్ టేబుల్ పట్టేంత ఇల్లున్న మనిషి దొరకాలి కదా, అలాంటివాళ్లు రోజూ దొరకరు.

గడువు దగ్గరపడ్డాక బేరం మీ చేతిలో ఉండదు. "శనివారానికల్లా ఖాళీ చేయాలండీ" అని మీ నోటి నుంచి వచ్చిందంటే కొనేవాడు ధర పెంచడు, శనివారం దాకా ఆగుతాడు. అందుకే మారే తేదీ కొనేవాళ్లకి చెప్పకండి.

విలువైనవేమో అని అనుమానం ఉన్న వస్తువుల సంగతి ముందు తేల్చుకోండి. ఆ తర్వాత స్థలం ఎక్కువ ఆక్రమించే పెద్ద ఫర్నిచర్ అమ్మండి. రోజూ వాడే మంచాలు, కుర్చీలు చివరికి ఉంచండి.

ఏది ఉంచుకోవాలో, ఏది అమ్మాలో ఎలా తేల్చుకోవాలి?

అమ్మేవాటి జాబితాతో మొదలుపెడితే ప్రతి వస్తువు దగ్గరా మనసు ఆగిపోతుంది. ఉంచుకునేవాటితో మొదలుపెట్టండి. కొత్త ఇంటికి టేపు పట్టుకుని వెళ్లి గదుల కొలతలు మాత్రమే కాకుండా గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్ట్ లోపలి ఎత్తు కూడా రాసుకోండి. గదిలో పట్టే బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుని వెనక్కి రావడం చాలా ఇళ్లలో జరిగేదే. తర్వాత పాత న్యూస్‌పేపర్లను ఫర్నిచర్ సైజుకి కత్తిరించి కొత్త ఇంటి నేల మీద పరిచి చూడండి. మనిషి నడవడానికి దారి ఉందా, అల్మారా తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా అన్నది కళ్లకు కనిపిస్తుంది. అంకెలు ఒప్పించలేనిది ఆ కాగితాలు ఒప్పిస్తాయి, ముఖ్యంగా "అన్నీ పడతాయిలే" అని పట్టుబట్టే పెద్దవాళ్లను.

ఎక్కడ పెట్టాలో చోటు తేలని దాన్ని "తర్వాత చూద్దాం" అని అద్దె గోడౌన్‌లో పెట్టకండి. కొన్నాళ్లకి ఆ అద్దె వస్తువు విలువని దాటిపోతుంది.

అమ్మేముందు ఇంట్లో అందరినీ అడగాలా?

తప్పకుండా. వాళ్లు మొహమాటానికి కూడా అడగకపోయినా మీరే అడగండి. ప్రతి వస్తువు ఫోటో తీసి, నంబరు వేసి, పిల్లలకీ తోబుట్టువులకీ పంపండి. ఎవరికి ఏది కావాలో ఫలానా తేదీలోగా చెప్పమనండి, తీసుకెళ్లే ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే తేల్చండి. ఒకే వస్తువుని ఇద్దరు అడిగితే దాని ధర నిర్ధారణ చేయించి, తీసుకున్నవాళ్ల వాటాలో లెక్క కట్టడం ఒక పద్ధతి.

వారసత్వంగా వచ్చి ఇంకా పంచుకోని ఆస్తి అయితే ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. అందులో వాటా ఉన్నవాళ్ల ఒప్పుకోలు లేకుండా ఒక్కరే అమ్మేస్తే అది చట్టపరమైన తగాదా అవుతుంది. ఒప్పుకోలు వాట్సాప్‌లో అయినా సరే, రాతపూర్వకంగా ఉంచుకోండి.

సొరుగులు, పెట్టెలు నిజంగా వెతకాలా?

వెతకాలి. సొరుగు పూర్తిగా బయటికి లాగి, దాని అడుగున, వెనక, లోపలి గూటిలో చేయి పెట్టి చూడండి. ఫోటో ఫ్రేముల వెనక అట్ట, గడియారం పెట్టె అడుగు, పుస్తకాల మధ్య, కుర్చీ సీటుకీ వీపుకీ మధ్య సందు, ఏదీ వదలకండి. ఉత్తరాలు, దస్తావేజులు, చిన్న నగలు దొరికేది అక్కడే. అసలు కొన్నప్పటి రసీదు దొరికితే పారేయకండి, అది వస్తువు ధరనే మార్చగలదు.

పాతది, వింటేజ్, యాంటిక్: వీటి మధ్య తేడా ఏమిటి?

వ్యాపారంలో యాంటిక్ అంటే సాధారణంగా వందేళ్లు దాటినది. ఈ లెక్క ఎక్కువగా కస్టమ్స్ చట్టాల నుంచి వచ్చింది. అమెరికా 1930 టారిఫ్ చట్టం 1830కి ముందు తయారైన వాటినే యాంటిక్‌లుగా లెక్కించి సుంకం లేకుండా రానిచ్చింది. 1960లలో దాన్ని వందేళ్ల నిబంధనగా మార్చారు. భారతదేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వందేళ్లే అంటుంది, రాతప్రతులకైతే 75 ఏళ్లు. వింటేజ్‌కి ఇంత కచ్చితమైన గీత లేదు. తన కాలం శైలిని చూపించే, కొన్ని దశాబ్దాలు దాటిన వస్తువుని అలా పిలుస్తారు.

వయసు ఒక్కటే విలువ తేదు. నూటయాభై ఏళ్ల సాదా పెట్టెకి గిరాకీ లేకపోవచ్చు. మరోవైపు, చార్లెస్, రే ఈమ్స్ దంపతులు రూపొందించగా 1956లో మార్కెట్లోకి వచ్చిన లౌంజ్ చెయిర్‌కి వందేళ్లు నిండకపోయినా, అసలుదైతే కొనేవాళ్లు క్యూ కడతారు. తయారీదారు ఎవరు, ఎంత అరుదు, ఏ స్థితిలో ఉంది, ఇప్పటి ఇళ్లలో పనికొస్తుందా అన్నవే ధరను నిర్ణయించేవి.

మా ఇంట్లోది ఎంత పాతదో నేనే తెలుసుకోగలనా?

చాలావరకు తెలుసుకోవచ్చు. పై మెరుపు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. ఎవరికీ కనిపించవులే అని వడ్రంగి వదిలేసిన భాగాలు చూడాలి. ఒక సొరుగు బయటికి లాగి కిటికీ వెలుగులో తలకిందులుగా పెట్టండి.

ముందు మూలలు చూడండి. ముందు పలక, పక్క పలక ఒకదానిలో ఒకటి పళ్లలా ఇమిడి ఉంటే అది డవ్‌టెయిల్ జాయింట్. పళ్లు అన్నీ ఒకే కొలతలో, ఒకే ఎడంతో ఉంటే మిషన్ పని, అంటే 19వ శతాబ్దం రెండో సగం లేదా ఆ తర్వాతది. ఒకటి సన్నగా ఒకటి వెడల్పుగా ఉండి, పక్కనే వడ్రంగి కొలతకు గీసుకున్న సన్న గీత కూడా కనిపిస్తే అది చేతి పని. చేతి పని కనిపించగానే వందేళ్లు దాటిందని తీర్మానించకండి, ఇప్పటికీ చేత్తో చేసేవాళ్లు ఉన్నారు. మిగతా గుర్తులతో కలిపి చూడాలి.

తర్వాత సొరుగు అడుగు చెక్క. దాని మీద వేళ్లు జరిపితే మెల్లగా ఎత్తుపల్లాలు తగులుతాయా? అయితే చేతి చిత్రికతో నున్న చేసినది. వంపు తిరిగిన గీతలు కనిపిస్తే గుండ్రటి రంపంతో కోసినది, అది 19వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. ప్లైవుడ్ లేదా పార్టికల్ బోర్డు కనిపిస్తే ఆధునికమైనది, లేదా అడుగు చెక్క మార్చారు.

స్క్రూలు కూడా చాలా చెబుతాయి. మొన మొద్దుగా, తల మీద గాడి కాస్త పక్కకి జరిగి ఉంటే 19వ శతాబ్దం మధ్యకి ముందుది కావచ్చు. మొనదేలిన మిషన్ స్క్రూలు 1840ల చివర వచ్చాయి. తల మీద ప్లస్ గుర్తు ఉన్న ఫిలిప్స్ స్క్రూ 1930ల రెండో సగం నుంచే ఉంది. పాత బీరువాలో ఒకే ఒక్క ఫిలిప్స్ స్క్రూ కనిపిస్తే రిపేరు జరిగిందని అర్థం, అన్నీ అవే అయితే మాత్రం బీరువా వయసు మీరు అనుకున్నంత కాదు.

గుండ్రటి టేబుల్ ఉంటే టేపుతో ఇంకో పరీక్ష చేయవచ్చు. చెక్క కాలక్రమంలో గీతలకు అడ్డంగా కుదించుకుపోతుంది, పొడవునా దాదాపు తగ్గదు. కాబట్టి గట్టి చెక్కతో చేసిన పాత గుండ్రటి టేబుల్ రెండు వైపులా కొలిస్తే ఒక వైపు కాస్త తక్కువ రావాలి. సరిగ్గా సమానంగా వస్తే అనుమానించండి.

పింగాణీ, గడియారం, చిన్న సామానుకి అడుగున ఉన్న ముద్రలే ఆధారం. అమెరికాకి దిగుమతయ్యే వస్తువుల మీద దేశం పేరు ఉండాలని 1890 నాటి మెకిన్లీ టారిఫ్ చట్టం నియమం పెట్టింది. అందువల్ల ఇంగ్లిష్‌లో దేశం పేరు ఉంటే ఎక్కువగా ఆ తర్వాతదే. "నిప్పాన్" అని ఉన్న జపాన్ పింగాణీ సాధారణంగా 1921కి ముందుది, ఆ తర్వాత "జపాన్" అని వేయాల్సి వచ్చింది. వెండి మీద 925 ఉంటే స్టెర్లింగ్, అంటే 92.5 శాతం అసలు వెండి. ఈపీఎన్ఎస్ అని ఉంటే అది వెండి పూత మాత్రమే, లోపల వేరే లోహం. ఈ తేడా తెలియక తూకానికి ఆశపడినవాళ్లు ఉన్నారు, అంతకంటే ఘోరంగా, అసలు వెండిని పూత అనుకుని ఇచ్చేసినవాళ్లూ ఉన్నారు.

వంచిన చెక్కతో చేసిన కుర్చీ ఉంటే సీటు కింద కాగితం లేబుల్ కోసమో కాల్చి వేసిన ముద్ర కోసమో చూడండి. మైఖేల్ థోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లతో తయారయ్యేది. 1869లో పేటెంట్ గడువు ముగిశాక ఎన్నో కంపెనీలు అదే ఆకారంలో చేశాయి, కాబట్టి ఆకారం చూసి కాదు, ముద్ర చూసి నిర్ధారించాలి.

అమ్మేముందు పాలిష్ పెట్టించాలా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతారంటే ఇదే చదవండి. దశాబ్దాల పాటు చేతులు తగిలి, వెలుగు పడి, లక్క పాలిష్ మీద ఏర్పడిన ఆ నిగారింపుని యాంటిక్ కొనేవాళ్లు విలువగా లెక్కిస్తారు. దాన్ని గీకేసి కొత్త వార్నిష్ వేస్తే ధర పడిపోతుంది, మళ్లీ తెచ్చిపెట్టడం ఎవరి వల్లా కాదు. ఇత్తడి పిడులు, కంచు విగ్రహాలు, వెండి సామాను కూడా అంతే, తళతళలాడేలా తోమితే ముద్రలు అరిగిపోతాయి.

పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. స్పిరిట్, శానిటైజర్ అస్సలు తగలనివ్వకండి, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. పాత అద్దం మచ్చలు పడిందని వెనక గీకకండి. 19వ శతాబ్దం దాకా చాలా అద్దాలకి తగరం, పాదరసం కలిపి పూత వేసేవారు, అది ఆరోగ్యానికీ హాని. చీకట్లో మెరిసే ముల్లులున్న పాత గడియారాన్ని విప్పకండి, 20వ శతాబ్దం మొదటి సగంలో ఆ మెరుపుకి రేడియం వాడేవారు.

ఇదంతా విలువ ఉండే అవకాశమున్న వాటికే. పదేళ్ల కిందటి మామూలు ఫర్నిచర్‌కి ఈ నియమం లేదు. ఊగుతున్న కాలు బిగించండి, సోఫా కవర్లు ఉతికించండి, పిడి ఊడితే పెట్టండి. అవి నిక్షేపంగా కనిపిస్తే త్వరగా పోతాయి.

ధర ఎలా నిర్ణయించాలి?

అడిగే ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఎంతైనా అడగవచ్చు, ఏళ్ల తరబడి అమ్ముడుపోని వస్తువుల ధరలే అక్కడ ఎక్కువగా కనిపిస్తాయి. ఈబేలో అమ్ముడైన వాటిని మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది, చాలా వేలం సంస్థలు పాత వేలాల ఫలితాలు వెబ్‌సైట్‌లో ఉంచుతాయి.

ఒకే వస్తువుకి రెండు మూడు విలువలు ఉంటాయని గుర్తుంచుకోండి. ఇన్సూరెన్స్ కోసం కట్టిన విలువ అంటే పోతే మళ్లీ కొనడానికి అయ్యే ఖర్చు, అది అన్నిటికన్నా ఎక్కువ. వేలంలో వచ్చేది దానికంటే తక్కువ. వ్యాపారి ఇచ్చేది ఇంకా తక్కువ, అతను దాన్ని బాగుచేసి, దుకాణంలో నెలలు ఉంచి, తన లాభం వేసుకుని అమ్మాలి కాబట్టి. పాత ఇన్సూరెన్స్ కాగితంలో అంకె చూసి అంత వస్తుందని లెక్కలు వేసుకోకండి.

విలువ కట్టేవాళ్లని పిలిస్తే రెండు షరతులు. ఆ మనిషి మీ వస్తువు కొనేవాడు కాకూడదు. ఫీజు గంటకింత అనో వస్తువుకింత అనో ఉండాలి, విలువలో శాతం కాకూడదు. విలువ ఎక్కువ చెబితే ఫీజు పెరిగే మనిషి మాట ఎలా నమ్ముతాం?

మేం అంత పెట్టి కొన్నాం, ఇంత తక్కువకే అడుగుతారేంటి?

ఇది ఎక్కువ బాధపెట్టే ప్రశ్న, ఆ బాధ సహజం. కానీ మార్కెట్‌కి మీరు పెట్టిన డబ్బుతో సంబంధం లేదు. ముదురు రంగు బరువైన ఫర్నిచర్ ధరలు గత పాతికేళ్లలో చాలా దేశాల్లో బాగా పడిపోయాయి. ఇళ్లు చిన్నవయ్యాయి, గోడలకే అల్మారాలు బిగించి కట్టేస్తున్నారు, టీవీ గోడకెక్కాక టీవీ బీరువాకి పని లేకుండా పోయింది. బంగారు అంచు పింగాణీ సెట్లు డిష్‌వాషర్‌లో వేయలేరు, అందుకే చిన్నవాళ్లు వద్దంటున్నారు. మీ తరం ఎంతో ఇష్టంగా సమకూర్చుకున్న వస్తువులే ఒకేసారి ఎన్నో ఇళ్ల నుంచి అమ్మకానికి వస్తున్నాయి.

ఇప్పుడు పోయేవి చిన్నవి, తేలిగ్గా కదిలేవి, రెండు పనులకు పనికొచ్చేవి: సొరుగుల పెట్టెలు, చిన్న రాత బల్లలు, అద్దాలు, లైట్లు. 1950, 60ల నాటి సాదా గీతల ఫర్నిచర్‌కి కూడా గిరాకీ ఉంది. డెన్మార్క్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన విష్‌బోన్ కుర్చీ 1950 నుంచి ఇప్పటిదాకా తయారవుతూనే ఉంది. కొత్తవి దొరుకుతున్నా పాతవాటి కోసం వెతికేవాళ్లు ఉన్నారు.

ఎక్కడ అమ్మితే మంచిది?

వస్తువుని బట్టి. అన్నీ ఒకే చోట అమ్మాలనుకోవడమే అసలు నష్టం.

అరుదైనది, తయారీదారు పేరు ఉన్నది, మీకు ధర తేలనిది అయితే వేలం మంచిది. అక్కడ ఇద్దరు పోటీపడితే చాలు, ధర దానంతటదే తేలుతుంది. లండన్‌లో సోథెబీస్ 1744లో, క్రిస్టీస్ 1766లో మొదలయ్యాయి. అయితే అంత పెద్ద సంస్థలే కావాలని లేదు. మామూలు ఇంటి ఫర్నిచర్‌కి మధ్యస్థాయి వేలం సంస్థే నయం, పెద్దవాళ్లు చిన్న వస్తువులు తీసుకోరు కూడా. సంతకం చేసేముందు ఒప్పందం మొత్తం చదవండి. మీ కమిషన్ ఎంత, ఫోటోలకీ ఇన్సూరెన్స్‌కీ రవాణాకీ విడిగా తీసుకుంటారా, ఫలానా ధర కంటే తక్కువకి అమ్మకూడదని రిజర్వ్ పెట్టే వీలుందా, అమ్ముడుపోకపోతే వెనక్కి తెచ్చుకునే ఖర్చు ఎవరిది, డబ్బు ఎన్ని రోజుల్లో వస్తుంది అన్నవి అడగండి. కొనేవాళ్లు కూడా సుత్తి పడిన ధర, అంటే వేలంలో ఖరారైన ధర మీద అదనంగా కడతారు. ఆ రెండు పెద్ద సంస్థలూ 1975లో లండన్‌లో ఆ పద్ధతి తెచ్చాయి, ఇప్పుడు దాదాపు అంతటా ఉంది. వేలంలో పాడేవాళ్లు దాన్ని లెక్కలో పెట్టుకునే పాడతారు, అంటే పరోక్షంగా మీ మీదా పడుతుంది.

డబ్బు వెంటనే కావాలంటే వ్యాపారి. కానీ ఒక్కరి మాట మీద ఆగకండి, కనీసం ముగ్గురికి చూపించండి. ఇంటికొచ్చిన వ్యాపారి గదంతా చూసి, చివరికి "ఇవన్నీ కలిపి ఇంత ఇస్తా" అంటే జాగ్రత్త. ఆ కుప్పలో అతనికి కావాల్సింది ఒకటో రెండో ఉంటాయి, మిగతావన్నీ దాన్ని కప్పడానికే. వస్తువు వస్తువుకీ విడిగా ధర రాసివ్వమనండి. రాయనంటే ఆ మనిషితో బేరం ఆపేయండి.

కన్‌సైన్‌మెంట్ దుకాణం అంటే మీ తరఫున అమ్మిపెట్టేది. అమ్ముడయ్యేదాకా వస్తువు మీదే, అమ్ముడయ్యాకే డబ్బు. ధర వ్యాపారి ఇచ్చేదానికంటే మెరుగ్గా వస్తుంది, కానీ ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. కొన్ని దుకాణాలు వారాలు గడిచేకొద్దీ ధర తగ్గిస్తూ పోతాయి, ఆ షరతు చూసుకోండి. ఇంటి నిండా సామాను ఉండి మీకు ఓపిక లేకపోతే, ఇంట్లోనే రెండు మూడు రోజులు అమ్మకం పెట్టి అంతా చూసుకునే వాళ్లు ఉంటారు. వాళ్లు తీసుకునే వాటా పెద్దదే. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకి మాత్రం ఆ శ్రమ తప్పడమే గొప్ప మేలు.

మామూలు సోఫాలు, మంచాలు, కుర్చీలకి ఆన్‌లైనే సరైన చోటు. కొనేవాళ్లు దగ్గర్లోనే ఉంటారు, వాళ్లే వచ్చి తీసుకెళ్తారు.

ఫోటోలు, వివరణ ఎలా ఉండాలి?

ఫ్లాష్ వేయకుండా పగటి వెలుగులో తీయండి. చుట్టూ ఉన్న సామాను జరిపేయండి. ముందు, పక్క, వెనక, అడుగు, తెరిచిన సొరుగు, ముద్ర ఉంటే దగ్గరగా ఒకటి, దెబ్బ తిన్న చోటు దగ్గరగా ఒకటి. లోపాన్ని ఫోటోలో చూపిస్తే కొనేవాళ్లు నమ్ముతారు, ఇంటికొచ్చి చూసి బేరం తగ్గించే సాకు కూడా ఉండదు. కొలతలు మూడూ రాయండి, విడదీయడానికి వీలవుతుందా, ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా అన్నవి కూడా. "చాలా పాతది, చాలా విలువైనది" అని రాస్తే ఎవరూ నమ్మరు. తెలిసిందే రాయండి: ఏ చెక్క, ఎప్పటినుంచి మీ ఇంట్లో ఉంది, ఏం రిపేరు చేయించారు. చెక్క పేరు కచ్చితంగా తెలియకపోతే పేరు రాయకుండా గట్టి చెక్క అనండి.

ఆన్‌లైన్ మోసాలు ఎలా పసిగట్టాలి?

వస్తువు చూడకుండానే, బేరం ఆడకుండానే "ఇప్పుడే డబ్బు పంపుతా" అనేవాళ్లతో జాగ్రత్త. పాత ఎత్తులు మూడు. ఒకటి, పొరపాటున ఎక్కువ పంపానంటూ తేడా వెనక్కి అడగడం, తీరా చూస్తే మొదటి చెల్లింపే బూటకం. రెండు, డబ్బు పంపడానికంటూ క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమనడం. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎప్పుడూ అక్కర్లేదు. మూడు, మీరు నిజమైన మనిషేనా అని తేల్చుకోవడానికంటూ మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అడగడం. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, అంతే.

మెసేజ్ స్క్రీన్‌షాట్ చూసి వస్తువు అప్పగించకండి. మీ ఖాతా తెరిచి డబ్బు పడిందో లేదో చూసుకున్నాకే గుమ్మం దాటించండి. చూడ్డానికి ఎవరైనా వస్తున్నప్పుడు ఇంట్లో తోడు ఉంచుకోండి, వీలైతే వస్తువుని ముందు గదిలోకి తెచ్చి అక్కడే చూపించండి.

అమ్మకూడని వస్తువులు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఏనుగు దంతం, సముద్రపు తాబేలు చిప్ప, కొన్ని అడవి జంతువుల చర్మాలు, కొమ్ములు ఉన్న వస్తువులకి కఠిన నిబంధనలు ఉంటాయి. వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని 1975 నుంచి అమల్లో ఉన్న సైటీస్ ఒప్పందం నియంత్రిస్తుంది. దేశాల చట్టాలు ఇంకా కఠినం. భారతదేశంలో దంతం అమ్మకం నిషిద్ధం. బ్రిటన్‌లో 2018 నాటి చట్టం 2022లో అమల్లోకి వచ్చింది, తక్కువ దంతం ఉన్న కొన్ని పాత వస్తువులకి, 1975కి ముందు నాటి సంగీత వాద్యాలకి రిజిస్టర్ చేయించుకుంటే మినహాయింపు ఇస్తుంది. రోజ్‌వుడ్ ఫర్నిచర్ దేశంలోపల అమ్మడం వేరు, సరిహద్దు దాటించడం వేరు. 2017 నుంచి రోజ్‌వుడ్ జాతి చెట్లన్నీ సైటీస్ జాబితాలో ఉన్నాయి, ఎగుమతికి అనుమతి అడుగుతారు.

భారతదేశంలో వందేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాలు, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు లాంటివి 1972 చట్టం కిందికి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. దేవతా విగ్రహాల్లాంటివి ఎక్కడివో కాగితం లేకుండా అమ్మకానికి పెట్టకండి, ముందు నిపుణులతో మాట్లాడండి.

భద్రత సంగతి కూడా ఉంది. పక్క కిందికి జారే పసిపిల్లల మంచాలను అమెరికా 2011లో నిషేధించింది, సెకండ్ హ్యాండ్‌లో అమ్మడం కూడా కుదరదు. చట్టం ఎలా ఉన్నా అలాంటి మంచం ఎవరికీ ఇవ్వకండి, ఊరికే కూడా ఇవ్వకండి. పాత పెయింట్ పెచ్చులూడుతున్న కుర్చీలో సీసం ఉండవచ్చు, అమెరికా ఇళ్లలో వాడే పెయింట్‌లో దాన్ని నిషేధించింది 1978లోనే. బ్రిటన్‌లో సోఫాకి నిప్పు భద్రత లేబుల్ లేకపోతే సేవా సంస్థలు కూడా తీసుకోవు.

పియానో కొనేవాళ్లు దొరుకుతారా?

పేరున్న కంపెనీది, సరిగ్గా ట్యూన్ నిలిచేది అయితే దొరుకుతారు. నిలువు పియానో అయినా చాలావరకు 200 కిలోల దాకా ఉంటుంది, కదిలించడానికి ప్రత్యేకంగా మనుషులు కావాలి. ఉచితంగా ఇస్తామన్నా రవాణా ఖర్చుకి భయపడి వెనక్కి తగ్గేవాళ్లు ఎక్కువ. అందుకే దీన్ని అన్నిటికంటే ముందు ప్రకటించండి. పాత పియానో మెట్లకి (కీలకి) ఏనుగు దంతం ఉండవచ్చు, పై జవాబు చూడండి.

సెట్టుగా అమ్మాలా, విడివిడిగానా?

కుర్చీల సెట్టు విడదీయకండి. ఆరు కలిపితే వచ్చేది విడిగా ఒక్కోదానికి రాదు. పడకగది సెట్టు మాత్రం విడదీస్తేనే త్వరగా పోతుంది, మంచం వద్దనేవాళ్లు సొరుగుల పెట్టె ఒక్కటీ తీసుకెళ్తారు.

పురుగు పట్టిన చెక్క అమ్మవచ్చా?

ముందు పురుగు ఇంకా బతికుందా లేదా చూడండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు ఉంటే, కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు ఉంచండి. లేత రంగు పొడి రాలితే ఇంకా తొలుస్తోంది. అలాంటిది మిగతా ఫర్నిచర్‌కి దూరంగా పెట్టి, మందు వేయించాకే అమ్మండి. పొడి రాలకపోతే పాత మచ్చే, ఆ మాట వివరణలో రాసేస్తే సరిపోతుంది. దాచి అమ్మితే ఇంకొకరి ఇల్లంతా పాడవుతుంది.

అమ్మిన డబ్బుకి పన్ను ఉంటుందా?

వాడిన మామూలు ఫర్నిచర్ కొన్న ధర కంటే తక్కువకే పోతుంది కాబట్టి సాధారణంగా చిక్కు రాదు. పెద్ద మొత్తానికి అమ్ముడైన యాంటిక్, చిత్రం, నగ లాంటి వాటి నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. రసీదులు దాచుకుని, మీ లెక్కలు చూసేవాళ్లని అమ్మేముందే అడగండి.

వదులుకోవడానికి మనసు రావట్లేదు, ఏం చేయాలి?

తొందరపెట్టకండి, మిమ్మల్ని మీరైనా, మీ అమ్మానాన్నల్నైనా. వస్తువుతో పాటు వదులుకోలేనిది దాని కథ అయితే ఆ కథని దాచుకోవచ్చు. వాళ్లనే దాని పక్కన కూర్చోబెట్టి, అది ఎలా వచ్చిందో చెబుతుండగా ఫోన్‌లో రికార్డ్ చేయండి. సెట్టులో ఒక్క కప్పు, పెద్ద బల్లకి ఉన్న ఒక్క పిడి ఉంచుకునేవాళ్లు ఉన్నారు. నా అభిప్రాయం ఏంటంటే, నిజంగా ప్రాణం పెట్టుకున్న ఒక వస్తువుకి కొత్త ఇంట్లో చోటు లేదని అంకెలు చెప్పినా, చోటు చేయండి. మీ అమ్మ రోజూ కూర్చునే కుర్చీ అమ్మితే వచ్చే డబ్బుతో ఆమెకి కలిగే వెలితి తీరదు.

ఎవరూ కొననివి ఏం చేయాలి?

ఊరికే ఇస్తామని పెట్టండి, ఒక్కోసారి అరగంటలో పోతుంది. వృద్ధాశ్రమాలు, బడులు, సేవా సంస్థలని ముందు ఫోన్ చేసి అడగండి. వాళ్లకి అక్కర్లేనిది బలవంతంగా దింపితే పారేసే ఖర్చు వాళ్ల మీద పడుతుంది. ఒక ప్రాంతం చరిత్రకి సంబంధించిన ఉత్తరాలు, ఫోటోలు, పనిముట్లను మ్యూజియంలు, లైబ్రరీలు తీసుకునే అవకాశం ఉంది. గట్టి టేకు చెక్కనైతే వడ్రంగులు విడిచెక్కగా కొంటారు. పార్టికల్ బోర్డు తడిసి ఉబ్బితే మాత్రం దేనికీ పనికిరాదు, చెత్త సేకరణకి ముందుగానే తేదీ తీసుకోండి.

అమ్మాక రవాణా ఎవరి బాధ్యత?

ప్రకటనలోనే రాసేయండి: తీసుకెళ్లడం, మనుషులు, బండి అన్నీ కొన్నవాళ్లవే అని. కొంత అడ్వాన్స్ తీసుకుని, ఫలానా తేదీలోగా తీసుకెళ్లకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని మెసేజ్‌లో రాయండి. మోసేటప్పుడు గోడకి గీత పడినా, ఎవరికైనా దెబ్బ తగిలినా చిక్కు మీదే అవుతుంది, కాబట్టి బరువైన వాటికి అనుభవమున్న మనుషుల్నే పిలవమనండి. సొరుగులు తీసి విడిగా మోయించండి, అద్దాల్ని నిలువుగానే మోయించండి. బీరువా తాళంచెవి దాని పిడికి కట్టి పంపండి, లేకపోతే దాని కోసం రెండు రోజుల తర్వాత ఫోన్ వస్తుంది.